ఎండిన మాను పొలానికి బరువు కాదు

పుంగనూరు పేరు చెబితే దేశంలో ఎవరికైనా ముందు ఆవు గుర్తుకొస్తుంది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి నరేంద్ర మోదీ తన ఇంటి ఆవరణలో పొట్టి ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు వచ్చాక ఆ పేరు ఇంకా మోగింది. ఒకప్పుడు పూర్తిగా పోతుందనుకున్న జాతి అది. పలమనేరు పశు పరిశోధనా కేంద్రం, పట్టుదల ఉన్న కొందరు పెంపకందారులు పట్టించుకోబట్టి నిలబడింది. ఆవుకు యజమాని ఉంటాడు, ధర ఉంటుంది, సంతలో గిరాకీ ఉంటుంది. అవేవీ లేని జీవాలు కూడా మన పొలం గట్ల మీదే బతుకుతున్నాయి. అవి తగ్గిపోతే అడిగేవాడుండడు. అలాంటిదే వడ్రంగి పిట్ట.

ఇదేం పిట్ట కథ, టమోటా ధర గురించి రాయకుండా అని కొందరు రైతు సోదరులు అనుకోవచ్చు. టమోటా గురించి వారం వారం రాస్తూనే ఉన్నాం. ఈ వారం టమోటా మడి పక్కన గట్టు మీద నిలబడి ఉండే ఎండు మాను గురించి రాయాలి. ఎందుకంటే దాన్ని ఎంత త్వరగా కొట్టేస్తే అంత మంచిదన్న అభిప్రాయం మనలో స్థిరపడిపోయింది. ఆ అభిప్రాయం తప్పని ఈ వ్యాసం వాదన.

ముందు పిట్టను గుర్తుపట్టాలి. తలమీద విసనకర్రలాగా జుట్టు విప్పుకుని, నేలమీద నడుస్తూ గడ్డిలో పొడుచుకు తినే గోధుమరంగు పిట్టను చూపించి చాలామంది అదే వడ్రంగి పిట్ట అంటారు. కాదు. అది వేరే జాతి. అసలు వడ్రంగి పిట్ట మానుకు నిలువునా అతుక్కుని, బిరుసైన తోకను ముక్కాలి పీటకు మూడో కాలులాగా ఆనించుకుని, కింది నుంచి పైకి ఎగబాకుతుంది. దాని కాలికి రెండు వేళ్లు ముందుకు, రెండు వెనక్కు ఉంటాయి. అందుకే నునుపు మానుమీద కూడా జారదు.

మన పడమటి మండలాల్లో ఎక్కువగా కనబడేవి రెండు రకాలు. ఒకటి బంగారు వీపు వడ్రంగి. అడుగుకు కొంచెం తక్కువ పొడవు, వీపు పచ్చని బంగారు రంగు, నెత్తిన ఎర్రటి తురాయి, తోక మొదట్లో నలుపు. గలగలా అరుస్తూ, అలలాగా పైకీ కిందకీ ఊగుతూ ఎగురుతుంది. ఊళ్లోని కొబ్బరిచెట్టు మీదికీ వస్తుంది, మామిడి తోపులోకీ వస్తుంది. మనుషుల మధ్య సర్దుకుని బతకడం నేర్చిన పిట్ట. రెండోది చిన్నది, జానెడు కూడా ఉండదు. నలుపు మీద తెల్లచుక్కలు, నెత్తి పసుపు, పొట్టమీద చిన్న ఎర్ర మరక. మగదానికి మెడ వెనక ఎరుపు ఉంటుంది. ఇంగ్లీషువాళ్లు పూర్వం దీన్ని మరాఠా వడ్రంగి పిట్ట అన్నారు. మనం పసుపు నెత్తి వడ్రంగి అనుకుందాం. ఇది పెద్దగా అరవదు, అందుకే పక్కనే ఉన్నా కళ్లబడదు. దట్టమైన అడవి దీనికి పనికిరాదు. తుమ్మ, వేప, చింత అక్కడొకటి ఇక్కడొకటి ఉండే మెట్ట పొలాలు, చెరువు కింద బీళ్లు, గుట్టల అంచులు, ఇవే దీని ఊరు. అంటే అచ్చం మన పుంగనూరు, మదనపల్లె, కుప్పం నేలలే.

ఇప్పుడు చిక్కొచ్చింది ఈ రెండో పిట్టకే. దేశమంతటా పక్షులు చూసేవాళ్లు రాసిపెట్టిన లెక్కల ఆధారంగా 2020లో భారతదేశ పక్షుల పరిస్థితిపై మొదటి నివేదిక వచ్చింది. ఎన్నో ఏళ్లుగా బాగా తగ్గిపోతూ వచ్చిన పక్షుల్లో పసుపు నెత్తి వడ్రంగిని అది చేర్చింది. 2023లో వచ్చిన రెండో నివేదిక మరీ పెద్దది. సుమారు 30 వేల మంది పంపిన 3 కోట్ల పరిశీలనలు, 942 జాతులు. వాటిలో దీర్ఘకాలపు ధోరణి తేల్చగలిగినవి 338 జాతులు కాగా, 204 తగ్గాయి. నూటికి అరవై అన్నమాట. మన పాలపిట్ట కూడా తగ్గినవాటిలోనే ఉంది. దసరాకు పాలపిట్టను చూసి దండం పెట్టుకునే మనకు అది ఎక్కడ గూడు పెడుతుందో తెలుసా? చెట్టు తొర్రలో. ఆ తొర్రల్లో కొన్ని వర్షానికి, పుచ్చుకు వాటంతటవే పడతాయి. చాలా తొర్రలను తొలిచిపెట్టేది మాత్రం వడ్రంగి పిట్టే.

ఇల్లు కట్టేది ఒకరు, కాపురం పదిమందిది

వడ్రంగి పిట్ట పచ్చి మానును పాడుచేస్తుందని మనలో ఒక అపోహ ఉంది. పిట్టకు పని తెలుసు. బూజు తెగులు పట్టి లోపలి చేవ మెత్తబడిన కొమ్మనో, ఎండి నిలబడిన మొద్దునో ఏరుకుంటుంది. గట్టి మాను తొలవడానికి దానికి మాత్రం ఓపికెక్కడిది? పసుపు నెత్తి వడ్రంగి తొర్ర ముఖం నిమ్మకాయ దూరేంత ఉంటుంది, బంగారు వీపుదైతే బత్తాయి దూరేంత. లోపలికి వెళ్లాక తొర్ర కిందికి దిగి సంచిలాగా వెడల్పవుతుంది. ఆకులు, పీచు ఏమీ పరచదు. రాలిన చెక్కపొట్టు మీదనే తెల్లటి గుడ్లు పెడుతుంది, మామూలుగా మూడు. ఆడా మగా రెండూ పొదుగుతాయి, రెండూ మేత తెస్తాయి. మనకు మాఘం, ఫాల్గుణం నుంచి ఆషాఢం దాకా, అంటే ఫిబ్రవరి నుంచి జూలై వరకు వాటి సంతాన కాలం.

మరుసటి ఏడాది చాలా జంటలు కొత్త తొర్ర తొలుచుకుంటాయి. పాతది ఖాళీ అవుతుంది. దానికోసం కాచుకునేవాళ్లు బోలెడుమంది. గోరింకలు, చిలుకలు, చిన్న గుడ్లగూబ, పాలపిట్ట. వీటిలో ఏ ఒక్కదానికీ గట్టి ముక్కుతో మాను తొలిచే శక్తి లేదు. చిలుక ఉన్న తొర్రను కొంచెం వెడల్పు చేసుకోగలదు, అంతే. చిలుకలు జామకాయా జొన్నకంకీ మనకు మిగల్చవు, ఆ మాట దాచేదేం లేదు. కానీ చిన్న గుడ్లగూబను లెక్కలోకి తీసుకోండి. చీకటి పడితే అది గట్టు మీద కూర్చుని పెంకు పురుగులను, మిడతలను, ఎలుక పిల్లలను పట్టుకుంటుంది. వేరుశనగ చేలో ఎలుక బొరియలు తవ్వి కాయలు దాచుకుంటే ఎంత పోతుందో మన మెట్టరైతుకు చెప్పక్కర్లేదు. ఎలుకకు మందు పెట్టడానికి డబ్బు ఖర్చుపెడతాం. ఎలుకను తినే పిట్టకు ఇల్లు ఉంచడానికి ఖర్చేమీ లేదు, అయినా కొట్టేస్తాం. ఇంటిదగ్గర గుడ్లగూబ అరిస్తే అపశకునమని రాళ్లేస్తాం. శకునం సంగతేమో గానీ, నష్టం లెక్క మాత్రం మనదే.

ఇక వడ్రంగి పిట్ట సొంత మేత. చీమలు, చెదలు, బెరడు కింద దాక్కునే పెంకు పురుగుల పిల్లలు. మామిడిలో కాండం తొలుచు పురుగు ఎలాంటిదో తోటలున్నవాళ్లకు తెలుసు. రంపపు పొట్టు రాలుతుంటే ఇనుప కడ్డీతో పురుగును లాగి, రంధ్రాన్ని బంకమట్టితో మూసే పని ఎంత కష్టమో కూడా తెలుసు. ఈ పిట్ట ఒక్కటే ఆ పురుగును అదుపుచేస్తుందని రాస్తే అది అబద్ధమవుతుంది. రైతు చేయాల్సింది రైతు చేయాల్సిందే. కానీ బెరడు కింద ఉన్న పురుగును పొడవాటి జిగురు నాలుకతో లాక్కుని తినే జీవం మన తోటల్లో ఇంకెన్ని ఉన్నాయి?

పోయినవి ఏ మాన్లు

పుంగనూరు చింతపండుకు పేరున్న ఊరు. ఊరి చెరువు దగ్గర, దారుల వెంబడి, గట్ల మీద ఉండే ముదురు చింతమాన్లను ఏటా పాట పెట్టి కాయలు కోసుకునే ఆచారం మనది. నూరేళ్ల చింతమానులో తొర్రలు, ఎండుకొమ్మలు, పుచ్చిన చేవ, అన్నీ ఉంటాయి. అదొక ఊరే. అలాంటి మాను రోడ్డు వెడల్పు చేసినచోట పోయింది, కొత్తిల్లు కట్టినచోట పోయింది, కాపు తగ్గిందని ఇటుక బట్టీకి పోయింది. చింతకట్టె బాగా మండుతుంది, నిప్పు నిలుస్తుంది, కాబట్టి కట్టెల వ్యాపారి దానికే ముందు బేరం చేస్తాడు. ఎండిన మాను ఉందంటే ఇంకా మేలు, అడిగేవాడు లేడు. "ఎండిపోయిందన్నా, ఊరికే ఉండేదానికంటే కట్టెలకిచ్చేస్తే నాలుగు రూపాయలొస్తాయి కదా" అన్నది మన ఊళ్లలో రోజూ వినే మాట. రైతు కష్టం తెలిసినవాడెవడూ ఆ మాటను తప్పుపట్టలేడు.

పోయినచోట ఏం వచ్చిందో చూడండి. నీలగిరి వచ్చింది, సరుగుడు వచ్చింది. టమోటాకు ఊతకర్రలు కావాలి, సెంట్రింగుకు కర్రలు కావాలి, కాబట్టి వచ్చింది. నాలుగైదేళ్లకు కోత. అప్పటికి ఆ చెట్టు మాను ఎంత లావవుతుంది? పిట్ట తొర్ర పెట్టాలంటే లోపల చేతి గుప్పిటకు రెండింతల చోటన్నా ఉండాలి. పైగా ఆ చెట్టు ముసలిదయ్యేదెప్పుడు, ఎండేదెప్పుడు, పుచ్చేదెప్పుడు? పచ్చగా కనబడుతుంది, ఉపగ్రహం నుంచి చూస్తే చెట్లు పెరిగాయనే లెక్క వస్తుంది. పిట్టకు మాత్రం అది తలుపుల్లేని వీధి.

మల్బరీ సంగతి ఇంకా విచిత్రం. పట్టుపురుగుకు విషం తగులుతుందని మల్బరీ రైతు మందు కొట్టడానికి జంకుతాడు. కాబట్టి మల్బరీ తోట చుట్టుపక్కల పురుగూ పుట్రా ఉంటాయి, పిట్టకు తిండికి లోటుండదు. కానీ మల్బరీ పొద నడుమెత్తు దాటకముందే కత్తిరిస్తారు. తిండి ఉంది, ఇల్లు లేదు. పట్టు సాగు చేసే మదనపల్లె, కుప్పం పల్లెల్లో గట్టుకు ఒక్క పాత వేపమాను మిగిల్చి ఉంటే ఆ రెండూ కలిసేవి.

మామిడి తోటల్లో మరో తంతు. 2025 సీజన్లో తోతాపురి ధర కూలిపోయింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇస్తే ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 చేస్తామన్నది. పండు రేటు పడినప్పుడు రైతు చెట్టును చూసే చూపు మారిపోతుంది. మానులో కట్టె ఎన్ని టన్నులు దిగుతుందని చూస్తాడు. హంద్రీ-నీవా కాలువ నీళ్లు 2025 ఆగస్టులో కుప్పం దాకా వచ్చాయి. నీళ్లొచ్చిన చోట బీడు మడి అవుతుంది, గట్టు సన్నబడుతుంది. సంతోషించాల్సిన మాటే. ఈ నేల నీళ్లకోసం ఎన్నేళ్లు ఎదురుచూసిందో మనకు తెలుసు. ఆ సంతోషంలో గట్టుమీది మాను మాట మరిచిపోతున్నాం, అంతే.

వేప విషయం చెప్పకపోతే ఇది పూర్తికాదు. 2021 తర్వాత తెలుగు రాష్ట్రాల్లో వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి గోధుమరంగుకు తిరిగి మాడిపోవడం అందరూ చూశారు. బూజు తెగులు, దానికి తోడు రసం పీల్చే దోమ. చెట్టు చచ్చిపోయిందని ఎందరో తొందరపడి మొదలంటా కొట్టేశారు. ఓపిక పట్టినవాళ్ల చెట్లు చాలావరకు వానలు పడ్డాక మళ్లీ చిగురించాయి. కళ్లకు ఎండినట్టు కనబడగానే రంపం తీసే అలవాటుకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మన పక్కనే ఒక పాఠం

దూరం పోనవసరం లేదు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ ఉంది. ఒకప్పుడు చుట్టూ బోడిగుట్టలున్న కరువు లోయ అది. పశువుల మేపు ఆపి, గుట్టలమీద నీటిని నిలిపి, స్థానిక చెట్లు పెంచారు. 1991లో ఆ లోయను పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించుకున్నారు. అక్కడి పక్షుల గురించి, వాటి ఆవాసాన్ని తిరిగి నిలబెట్టడం గురించి ఎస్. రంగస్వామి, ఎస్. శ్రీధర్ రాసిన పుస్తకం 1993లో వచ్చింది. మన కరువు నేలలో చెట్టు తిరిగొస్తే పిట్ట తిరిగొస్తుందనడానికి దాన్ని మించిన ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు. అయితే రిషి వ్యాలీ విశాలమైన ఆవరణ ఉన్న బడి. రెండెకరాల రైతుకు అదంతా సాధ్యం కాదు. అతన్ని అడగాల్సింది కూడా అది కాదు.

అమెరికా సంగతి ఒకటి ఇక్కడ పనికొస్తుంది. అక్కడి దక్షిణ రాష్ట్రాల్లో ఎర్ర చెంపల వడ్రంగి పిట్ట ఒకటుంది. అది ముదురు పైన్ చెట్లలోనే తొర్ర పెడుతుంది. ఆ చెట్లన్నీ కలపకు పోవడంతో 1970ల చివరికి 1,470 గుంపుల దాకా పడిపోయింది. 1989లో హ్యూగో తుఫాను వచ్చి సౌత్ కరోలినాలో మిగిలిన తొర్ర చెట్లను కూల్చేస్తే, అటవీ శాఖవాళ్లు చెక్కపెట్టెలు చేసి నిలబడ్డ మాన్లలో బిగించారు. పిట్టలు వాటిలో చేరాయి. ఇప్పుడు సుమారు 7,800 గుంపులు. 2024లో దాన్ని అంతరించే ప్రమాదపు జాబితా నుంచి ఒక మెట్టు కిందికి దించారు. ఇందులో రైతుకు సంబంధించిన ముక్క వేరే ఉంది. నా పొలంలో ఆ పిట్ట ఉందని తెలిస్తే సర్కారు వచ్చి నా చెట్టు నన్నే కొట్టనివ్వదని భయపడి, పిట్ట రాకముందే భూయజమానులు చెట్లు నరికేయడం మొదలుపెట్టారు. అది గమనించి 1995లో నార్త్ కరోలినాలో ఒక ఒప్పందం తెచ్చారు. పిట్టకు చోటిచ్చినందుకు నీ మీద కొత్త ఆంక్షలు పెట్టమని రాసిచ్చారు. భయం పోయింది, చెట్లు నిలిచాయి.

మనకూ అదే భయం ఉంది. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. ఉద్దేశం మంచిదే. కానీ కాగితం పని, కార్యాలయం చుట్టూ తిరుగుడు తలచుకుని రైతు ఏం చేస్తాడు? నిదానంగా పెరిగే దేశవాళీ చెట్టు జోలికే పోడు, ఏ తలనొప్పీ లేకుండా కోసుకునే నీలగిరి నాటుకుంటాడు. చెట్టును కాపాడే చట్టం రైతుకు ముసలి చెట్టంటే విసుగు పుట్టించకూడదు. గట్టుమీద ముదురు చింత, వేప, కానుగ, నల్లతుమ్మ ఉంచుకున్న రైతుకు ఏటా ఎంతో కొంత ఇచ్చే పద్ధతి పెడితే, లక్ష మొక్కలు నాటామని ఫొటో దిగేదానికంటే అది పిట్టకు దగ్గరి దారి. ఉపాధి హామీలో నాటిన మొక్కలకు లెక్క ఉంది, బతికినవాటికి లెక్క ఉంది. ఊళ్లో ముప్పై నలభై ఏళ్లు దాటిన మాన్లు ఎన్ని ఉన్నాయో ఏ పంచాయతీ రిజిస్టరులోనూ ఒక గడి ఉండదు. ఇవాళ నాటిన వేప పిట్టకు ఇల్లయ్యేసరికి మన పిల్లలకు పిల్లలు పుడతారు. అందాకా పిట్ట ఎక్కడుండాలి?

ఎక్కడ ఉంచాలి, ఎక్కడ వద్దు

ఎండిన ప్రతి మానునూ ఉంచమంటే అది కూడా తెలివితక్కువ సలహాయే. కొబ్బరి తోటలో చచ్చిన చెట్టును తీసేయాల్సిందే. కుళ్లిన కొబ్బరి మొద్దుల్లో కొమ్ము పురుగు గుడ్లు పెట్టి పక్క చెట్లకు పాకుతుంది, శాస్త్రవేత్తలు చెప్పేది నిజం. కాండం తొలుచు పురుగు పట్టిన మామిడి కొమ్మను కోసి కాల్చాల్సిందే. చెరువుకట్ట మీద చెట్టు వద్దని ఇంజనీర్లు అనేదాంట్లోనూ న్యాయముంది. వేరు చచ్చి పుచ్చితే ఆ బొర్రలోంచి నీళ్లు కారి కట్టకే ముప్పు. ఇంటిమీదికి, కరెంటు తీగల మీదికి, పశువుల పాక మీదికి ఒరిగిన మాను ఎవరూ ఉంచుకోరు.

మిగిలిన చోట్ల, అంటే పొలం గట్టు మూల, బీడు అంచు, చెరువు లోపలి తుమ్మ తోపు, బావి గడ్డ, అక్కడ నిలబడ్డ ఎండు మొద్దు ఎవరికి అడ్డం? కట్టెలు కావాలంటే పక్క కొమ్మలు కోసుకుని నిలువు మొద్దును ఆరేడు అడుగుల ఎత్తున వదిలేయొచ్చు. చెట్టు పచ్చిగా ఉండి ఒక్క లావు కొమ్మ ఎండితే ఆ కొమ్మను ఉండనివ్వొచ్చు, చెట్టుకు దానివల్ల ప్రాణాపాయం లేదు. ఎకరాకు ఒక్కటి చాలు. మాను కింద నీడ కూడా ఉండదు కాబట్టి పైరుకు తగ్గేదీ లేదు. నాగలికీ ట్రాక్టరుకూ తగలని మూల చూసి వదిలేస్తే సరి.

మాను ఉంచలేని రైతు కోత రోజునన్నా మార్చుకోవచ్చు. శివరాత్రి నుంచి తొలి ఏకాదశి దాకా రంపం ఆపి, ఆ తర్వాత కొట్టించుకుంటే ఆ ఏటి పిల్లలు రెక్కలొచ్చి వెళ్లిపోయి ఉంటాయి. ఎండాకాలంలో కట్టెల వ్యాపారి వచ్చి తొందరపెడితే, బేరం కుదిరే ముందు మాను చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. కింద తాజా చెక్కపొట్టు రాలి ఉందా, పైన గుండ్రంగా నిమ్మకాయ దూరేంత రంధ్రం ఉందా, అరచేత్తో మానును రెండుసార్లు తడితే లోపలి నుంచి పిట్ట తల బయటపెడుతుందా. పెడితే వ్యాపారిని ఆషాఢం దాటాక రమ్మనండి. కట్టె ఎక్కడికీ పోదు, ఆరిన కొద్దీ మంట బాగుంటుందని అతనికీ తెలుసు.